మొదట రాయించిన స్కూలు

నాలుగో అంతస్తు అని తెలిసి కూడా మెట్లే ఎక్కాం. లిఫ్టు వద్దన్నది నేను. నా కూతురు ఒక్క మాట అనకుండా నా వెనకాలే ఎక్కింది, మామూలుగా అయితే ప్రతి మలుపు దగ్గరా ఆగి, నాన్న బాగుచేసే లిఫ్టుల్ని నువ్వే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారమ్మా అని సతాయించేది, ఇవాళ ఆ సతాయింపు కూడా లేదు, ఫైలును రెండు చేతులతో గుండెకి అదుముకుని ఎక్కింది, ఇప్పుడీ బెంచీ మీద నా పక్కన కూర్చుని అదే ఫైలు ఒళ్ళో పెట్టుకుని గోడ మీది ఎర్ర అంకెల వంక చూస్తోంది. అంకె మారినప్పుడల్లా టింగుమని చప్పుడవుతుంది, నేను చేతిలోని మా నంబరు చీటీ వంక చూసుకుంటాను. మాది ఇంకా రాలేదు. రాకపోతే బాగుండునని ఉంది నాకు. కరెంటు పోతే బాగుండును, లోపల కూర్చున్న ఆఫీసరమ్మకి ఉన్నట్టుండి ఏ కడుపునొప్పో వచ్చి లేచి వెళ్ళిపోతే బాగుండును, ఛీ, ఎవరికో రోగం రావాలని కోరుకుంటున్నాను, అదీ క్లినిక్కులో పని చేసే మనిషిని. ఈ హాలు నిండా తల్లులూ తండ్రులే, పిల్లల హైస్కూలు సీట్ల గొడవలు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళే, అందరి మొహాల్లోనూ తమకేదో అన్యాయం జరిగిందన్న ఉక్రోషం కనిపిస్తోంది. నా మొహం ఎలా ఉందో నాకు తెలీదు. అన్యాయం చేసినవాళ్ళు కూర్చోవడానికి వేరే బెంచీ ఉంటే బాగుండును, లేచి పోయి దాని మీద కూర్చునేదాన్ని.

అటుపక్కన కూర్చున్న లావుపాటి ఆవిడ సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసి మాకూ చాపింది. నేను వద్దన్నాను, రేడియో ఒకటి తీసుకుంది. రేడియో అంటే నా కూతురే. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ నిద్రలో కూడా ఆపకుండా వాగుతుందని వాళ్ళ నాన్న పెట్టిన పేరు. వారం నుంచీ ఆ రేడియో మోగడం లేదు.

“మీదేంటమ్మా గొడవ?” అని అడిగింది ఆవిడ.

“కంప్యూటర్ తప్పు చేసిందండీ,” అంది నా కూతురు, నేను నోరు తెరిచేలోపే. “నేను మొదట రాసింది గడియారం స్కూలు. ఆఖర్న రాసింది గోడౌను స్కూలు. నాకు గోడౌను స్కూల్లో ఇచ్చారు.”

“మా వాడి విషయంలో కంప్యూటర్ ఏ తప్పూ చెయ్యలేదు తల్లీ, అన్నీ వాడే చేసుకున్నాడు. వాడు ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నాడు, నేనొచ్చి ఇక్కడ కూర్చున్నా. నీకెన్నొచ్చాయి?”

“రెండొందల ముప్పై ఒకటి.”

“ఎంతకి?”

“రెండొందల యాభైకి.”

ఆవిడ నమలడం ఆపేసి ముందు దాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. “ఇన్ని మార్కులొచ్చి ఇక్కడ కూర్చోవడమేంటమ్మా. వదలకండి, గట్టిగా అడగండి. ఎవడో మధ్యలో కెలికుంటాడు.”

తల ఊపాను. అవునండీ, ఎవడో కెలికుంటాడు అన్నట్టే ఊపాను. నాకు ఊపడం అలవాటు, అర్థమైనా ఊపుతాను, కాకపోయినా ఊపుతాను, నన్ను తిట్టినా ఊపుతాను. ఆ తల ఊపుడుతోనే కదా మొదలైంది ఇదంతా. పరీక్షలకి ముందు స్కూల్లో పేరెంట్సు మీటింగు పెట్టి క్లాసు టీచరు బోర్డు మీద గీతలు గీసి చెప్పింది, ప్రతి పిల్లా పిల్లాడూ అయిదు హైస్కూళ్ళు రాయాలి, ఏది ఎక్కువ ఇష్టమో అది ముందు, తర్వాతది తర్వాత, మార్కులొచ్చాక పైనుంచి, అంటే ఎక్కువ వచ్చినవాళ్ళ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి వరసా చూసుకుంటూ వస్తారు, సీటున్న మొదటి స్కూలు ఇచ్చేస్తారు, కాబట్టి భయపడకండి, పిల్లలకి నిజంగా ఏది కావాలో అదే ముందు రాయించండి అని. భయపడకండి అన్న మాట విన్నానంటే నాకు ఇంకేదీ వినపడదు. భయపడాల్సింది ఏమీ లేకపోతే ఆ మాట ఎందుకంటారు? ఇంజెక్షన్ ఇచ్చే ముందు మా నర్సు కూడా అదే అంటుంది. మొదటిది రాకపోతే రెండోదాన్లో అప్పటికి సీట్లు మిగులుతాయా అని అడగాలనిపించింది, నాలుక చివరిదాకా వచ్చింది, కానీ ముందు వరసలో కూర్చున్నవాళ్ళందరూ పెన్నులు పట్టుకుని రాసుకుంటున్నారు, చదువుకున్నవాళ్ళు, ఆఫీసుల నుంచి అటే వచ్చినవాళ్ళు, ఏడో తరగతితో ఆపేసిన దాన్ని నేను లేచి అడిగితే అందరూ వెనక్కి తిరిగి చూస్తారు, రేపు వాళ్ళ పిల్లలు నా పిల్లని చూసి నవ్వుతారు. అందరూ తలూపారు, నేనూ ఊపాను. ఇంటికొచ్చాక అర్థమైందా అమ్మా అని అది అడిగితే, ఆ, అర్థమైందిలే అన్నాను.

నాకు అర్థమైనది నా పని లాగా అర్థమైంది. పొద్దున్నే క్లినిక్కుకి వచ్చినవాళ్ళకి చీటీలిచ్చి కూర్చోబెట్టేది నేనే. పెద్ద డాక్టరు గది ముందు ఒక వరస, చిన్న డాక్టరు గది ముందు ఒక వరస. పెద్ద డాక్టరు మధ్యాహ్నం కాకుండానే లేచి వెళ్ళిపోతాడు, అప్పటిదాకా ఆయన కోసం కూర్చున్నవాళ్ళు లబోదిబోమంటూ చిన్న డాక్టరు వైపు వస్తారు, వచ్చి ఆ వరసలో ఆఖరివాళ్ళవుతారు, ఒక్కోసారి అక్కడా చూపించుకోకుండానే ఇంటికి పోతారు. అందుకే నీరసంగా ఉన్నవాళ్ళు కనిపిస్తే, చంటిపిల్లని ఎత్తుకొచ్చినవాళ్ళు కనిపిస్తే, పెద్దాయన కోసం ఆశపడకండి, ఇటొచ్చి కూర్చోండి అని చెయ్యి పట్టుకుని మరీ కూర్చోబెడతాను, పోయేటప్పుడు వాళ్ళు చల్లగా ఉండు తల్లీ అని పోతారు. నాకు ఈ లోకంలో బాగా తెలిసింది అదొక్కటే, ఎవర్ని ఏ వరసలో కూర్చోబెట్టాలో. స్కూళ్ళ ముందు కూడా అలాంటి వరసలే ఉంటాయనుకున్నాను. అందరూ ఎగబడే గడియారం స్కూలు వరసలో నిలబడి నా పిల్ల కాదనిపించుకుని వచ్చేసరికి మిగతా నాలుగు స్కూళ్ళ ముందూ కొండచిలువల్లాంటి వరసలుంటాయి, అన్నిచోట్లా ఆఖరిది నా పిల్లే, చివరికి ఏ స్కూలూ లేకుండా ఇంట్లో కూర్చుంటుంది, కూర్చుని నాలాగే అవుతుంది, నాలాగే చీటీలిస్తుంది. అంతవరకూ చూసేశాను నేను, కళ్ళు మూసుకుంటే చాలు, చివరిదాకా కనిపించేది. గోడౌను స్కూలు అయితే మా క్లినిక్కు వెనక సందులోనే. ఒకప్పుడు నిజంగా గోడౌనే, ఇప్పటికీ రేకుల కప్పే, వాన పడితే టీచరు చెప్పేది వినపడదట, ఏటా సీట్లు మిగిలిపోతాయి. మిగిలిపోతాయి అన్న మాట నాకు నచ్చింది. మిగిలేచోట నా పిల్లకి ఎలాగూ దొరుకుతుంది కదా అనిపించింది.

దరఖాస్తులు తీసుకునే ఆఖరి రోజు నా కూతురు రాసిన కాగితం స్కూలాఫీసుకి నేనే పట్టుకెళ్ళాను. గుమాస్తా ఒక్కొక్కరి కాగితం చూసి కంప్యూటర్లో కొట్టుకుంటున్నాడు. మార్పులేమైనా ఉన్నాయా అన్నాడు, అందరినీ అడిగేదే నన్నూ అడిగాడు, తలెత్తి కూడా చూడలేదు. మొదటిదీ చివరిదీ అటుదిటు మార్చండి అన్నాను. అప్పుడు తలెత్తాడు. “పాపకి తెలుసా అమ్మా?” అన్నాడు. పెద్దాయన, నా తండ్రి వయసుంటుంది, అడగాల్సిన మాట అడిగాడు. తెలుసండీ అన్నాను. ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట, నీళ్ళు కూడా నమలలేదు. రెండు మీటలు నొక్కాడు, ఒక సంతకం పెట్టమన్నాడు, అంతే, నేను బయటికొచ్చి రోడ్డు మీద నిలబడి చాలా రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. గండం గడిచింది అనుకున్నాను. ఆ ఊపిరి గుర్తొస్తే ఇప్పుడు సిగ్గుతో చచ్చినంత పనవుతోంది, అబద్ధం ఆడినందుక్కూడా కాదు, అంత హాయిగా పీల్చుకున్నందుకు.

టింగు. మాది కాదు. తలుపు దగ్గర ఎవరో తండ్రి లేచి చొక్కా సర్దుకుంటున్నాడు. నా పిల్ల నా భుజానికి కొంచెం ఆనుకుంది, ఆనుకున్నట్టు తెలిసి మళ్ళీ నిటారుగా కూర్చుంది. గడియారం స్కూలు మొదటిసారి చూసొచ్చిన రోజు ఇలా కూర్చుందా ఇది? ఏడాదికోసారి ఎవరొచ్చినా స్కూలంతా తిప్పి చూపిస్తారట, వాళ్ళ నాన్న తీసుకెళ్ళాడు. అక్కడొక టీచరమ్మ మైక్రోస్కోపు కింద ఉల్లిపొర పెట్టి చూడమందట. అమ్మా, ఇటుకలు పేర్చినట్టుంది, గోడ లాగా, ఒక్కో ఇటుకలో ఒక్కో చుక్క, మనం రోజూ కోసి పారేసేదాన్లో ఇల్లుంది అమ్మా అని ఆ రాత్రి అన్నం ముందు పెట్టుకుని తినకుండా చెప్పింది. తర్వాత వారం రోజులు నేను ఉల్లిపాయ కోస్తే చాలు వచ్చి పొరలు తీసుకుని కిటికీ అద్దానికి అతికించేది, ఎండలో చూసేది, అద్దమంతా కంపు కొడుతోందని నేను తిట్టాను. ఆ స్కూల్లో నాకు సీటొస్తుందా అమ్మా అని అడిగినప్పుడల్లా చూద్దాంలే అన్నాను. దేనికైనా నా దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే, సెలవుల్లో ఎక్కడికైనా పోదామా అంటే చూద్దాంలే, కొత్త బ్యాగు కొంటావా అంటే చూద్దాంలే. మీ అమ్మ పెళ్ళిలో కూడా చూద్దాంలే అంది, నేనే వినిపించుకోలేదు అని వాళ్ళ నాన్న నవ్వుతాడు.

మార్కులొచ్చిన సాయంత్రం నేను సిద్ధంగా ఉన్నాను. చాలా రోజుల నుంచీ సిద్ధంగా ఉన్నాను. ఏమనాలో, ఎలా అనాలో, తల ఎక్కడ నిమరాలో అన్నీ అనుకుని పెట్టుకున్నాను, ఫర్వాలేదమ్మా, మార్కులే లోకం కాదు, గోడౌను స్కూలైతే మధ్యాహ్నం నేనే వచ్చి చూసుకుంటాను అని. ఒక అంకె కూడా అనుకున్నాను మనసులో, ఆ అంకెకి తగ్గట్టే మాటలు పేర్చుకున్నాను. వాళ్ళ నాన్న ఫోనులో చూసి రెండొందల ముప్పై ఒకటి అని అరిచి దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు, అంత పెద్దపిల్లని, కాళ్ళు తగిలి కుర్చీ పడిపోయింది, అది ఆయన భుజం మీదుగా నా మొహమే చూస్తోంది, నేనేమంటానో అని. నా దగ్గర ఓదార్పు తప్ప వేరే మాటే లేదు. “సరిగ్గా చూశారా?” అన్నాను. అంతే అన్నాను. అది నవ్వడం ఆపలేదు కానీ ఆ నవ్వు కొంచెం పక్కకి జరిగింది, నేను చూశాను. ఆ తర్వాత వంటింట్లోకి పోయి పొయ్యి ముందు నిలబడ్డాను, ఏం చేశానో అప్పుడు తెలిసొచ్చింది. కంప్యూటర్ పైనుంచి చూసుకుంటూ వస్తుంది, నా పిల్ల పైనే ఉంది, మొదట ఉన్న స్కూలు చూస్తుంది, ఖాళీ ఉందా అంటే బోలెడంత ఖాళీ, ఇచ్చేస్తుంది. వేరే వరసలేవీ ఉండవు. టీచరు బోర్డు మీద గీసిన గీతలన్నీ ఆ పొయ్యి మంట ముందు ఒక్కసారిగా అర్థమయ్యాయి నాకు. ఎక్కడ అర్థం కావాలో అక్కడ కాలేదు.

సీటొచ్చిన స్కూలు పేరు మెసేజీలో చూసినప్పుడు ఆయన మండిపడ్డాడు, నేనే పోయి అడుగుతానన్నాడు. వద్దు, నేను పోతాను, మీకు డ్యూటీ ఉంది కదా అన్నాను. అబ్బో, ఆఫీసుకా నువ్వా, ఎప్పట్నుంచే ఈ ధైర్యం అని మురిసిపోయాడు. ధైర్యమా పాడా, ఆయనొస్తే వాళ్ళు నా సంతకం చూపిస్తారు, చూపిస్తే తెలిసిపోతుంది, అందుకని నేనొచ్చాను. ఇదీ వస్తానంటుందనుకోలేదు. నేను రాసింది నాకే కదా గుర్తుండేది అంది. తోవలో బస్సులో చెప్పేద్దామనుకున్నాను, పక్కన జనం. బస్సు దిగాక చెబుదామనుకున్నాను, రోడ్డు దాటాలి. మెట్ల మీద చెబుదామనుకున్నాను, ఆయాసం. ఎంతసేపూ నాకేదో ఒకటి అడ్డం.

టింగు. మాదే.

లోపల చిన్న గది, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద టీ కప్పు పెట్టుకుని ఉంది ఆఫీసరమ్మ, నాకంటే చిన్నది. కడుపునొప్పి ఛాయలేమీ లేవు. రేడియో ఫైలు తెరిచి, ఇంటి దగ్గర అద్దం ముందు అనుకున్నట్టే, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆవిడ ఓపిగ్గా విని నంబరు కొట్టి, కాసేపు చూసి, కంప్యూటరు తెర మా వైపు తిప్పింది.

“కంప్యూటర్లో తప్పేం లేదు పాపా. మొదట నువ్వు రాసింది ఈ స్కూలే. చూడు, అమ్మగారి సంతకం కూడా ఉంది.”

అది ముందుకు వంగి చదువుకుంది. ఒకసారి చదివి మళ్ళీ చదువుకుంది.

“నేను గడియారం స్కూలే కదా మొదట రాసింది,” అంది మెల్లిగా, ఆవిడతో కాదు, తనలో తను.

“హడావుడిలో పిల్లలు ఇలా రాస్తుంటారమ్మా,” అంది ఆవిడ నాతో, నాకో దారి చూపిస్తున్నట్టు. “పైది కింద, కిందది పైన. కంగారులో రాసుంటుంది, అంతే కదా?”

ఊపితే చాలు. నేను ఎప్పుడూ చేసేదే. ఒక్కసారి తల ఊపితే అయిపోతుంది, ఎవరి తప్పూ కాదు, చిన్నపిల్ల, కంగారు, ఇంటికి పోయి ఆయనకి కూడా అదే చెబుతాను, దాన్ని దగ్గరకి తీసుకుని, అనుకుని పెట్టుకున్న ఓదార్పులన్నీ అప్పుడు పనికొస్తాయి. నా మెడ కదలబోయింది కూడా. అప్పుడు పక్కనుంచి వినపడింది.

“నేనే తప్పు రాశానేమో,” అంది నా కూతురు.

ఏమో అంది. రెండొందల ముప్పై ఒకటి తెచ్చుకున్న పిల్ల, తను రాసింది తనకి గుర్తులేదేమో అనుకుంటోంది, ఆ గొంతు నాకు తెలుసు, ఆ గొంతు నాది. ఏడో తరగతిలో జవాబు తెలిసి కూడా చెయ్యెత్తకుండా కూర్చున్న పిల్ల గొంతు, కాదేమో, తప్పేమో, నవ్వుతారేమో. అది ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలీకుండా ఇప్పుడు దీని నోట్లోకి వచ్చి కూర్చుంటోంది, నేను పక్కనుండి చూస్తున్నాను.

“కాదు మేడమ్,” అన్నాను. “అది సరిగ్గానే రాసింది. నేను మార్పించాను. దానికి తెలీదు.”

ఫ్యాను తిరుగుతోంది. ఆవిడ కప్పు మీద చెయ్యి తీసింది. “మార్పించారా? ఎందుకమ్మా?”

వరసల గురించి చెబుదామనుకున్నాను, పెద్ద డాక్టరూ చిన్న డాక్టరూ అంతా. అది నిజమే కానీ పై పై నిజం. అసలుది దాని కింద ఉంది, దాన్ని ఇన్నాళ్ళూ నేను కూడా ఎత్తి చూసుకోలేదు.

“అన్ని మార్కులు వస్తాయనుకోలేదు.”

నేను కూతురి వైపు చూడలేదు. టేబులు అంచు వంక చూశాను, అక్కడ చెక్క పెచ్చు లేచి ఉంది. ఆఫీసరమ్మ తిడితే బాగుండును, నువ్వూ ఒక తల్లివేనా అంటే తల ఊపేదాన్ని. కానీ ఆవిడ మీటలు నొక్కుకుంటూ, గడియారం స్కూల్లో సీట్లన్నీ నిండిపోయాయమ్మా, వెయిటింగులో పెడతాను, మార్కుల్ని బట్టి పాప పైనే ఉంటుంది, ఏటా ఊరు మారిపోయేవాళ్ళు ఉంటారు, ఎవరైనా వదులుకుంటే ఫోను వస్తుంది, వస్తుందని మాట ఇవ్వలేను, రాదనీ చెప్పలేను అంది. అని, నాతో కాదు, దానితో, “నువ్వేం తప్పు రాయలేదు, సరేనా?” అంది. ఆ మాట అనాల్సింది నేను. అది కూడా వేరేవాళ్ళే అన్నారు.

బయటికొచ్చాం. బిస్కెట్లావిడ ఏమైందన్నట్టు కనుబొమలెగరేసింది, నేను మొహం తిప్పుకున్నాను. నా కూతురు మెట్ల వైపు పోలేదు, నేరుగా లిఫ్టు దగ్గరికి పోయి మీట నొక్కి నిలబడింది. వెనక్కి తిరిగి చూడలేదు. తలుపులు తెరుచుకున్నాయి, లోపలికి పోయింది, నేనూ పోయాను. ఏళ్ళ తర్వాత లిఫ్టు ఎక్కాను. తలుపులు మూసుకున్నాక గోడల నాలుగు వైపులా మేమిద్దరమే మసక మసగ్గా కనిపించాం, ఎటు చూసినా నా మొహమే. తాడు తెగుతుందన్న భయం రావాలి, దాని కోసం చూశాను, రాలేదు. తెగితే తెగనీ అన్నట్టుంది.

“ఎన్ని వస్తాయనుకున్నావమ్మా?” అంది.

గోడలోని నా మొహాన్ని చూస్తూ అడిగింది. నోటి దగ్గరికి ఒక అంకె వచ్చింది, అసలుదానికంటే చాలా పెద్దది, చెప్పుకోదగ్గది. గుమాస్తాకి చెప్పినంత సులువుగా చెప్పేయొచ్చు.

“నూట ఇరవై,” అన్నాను.

అది లెక్క చేసేటప్పుడు పెదవి కొరుక్కుంటుంది. కొరుక్కుంది. “అంటే రెండొందల యాభైలో సగం కూడా కాదు.”

“కాదు.”

లిఫ్టు ఏదో అంతస్తులో ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి, ఎవరూ ఎక్కలేదు, మళ్ళీ మూసుకున్నాయి. ఏడుస్తుందేమోనని నా చేతులు ముందుకు పోయి మధ్యలోనే ఆగిపోయాయి. ఏడవలేదు. ఈసారి గోడలోకి కాదు, తిరిగి నన్నే చూసింది.

“మరి ఇప్పుడేమనుకుంటున్నావ్? ఫోనొస్తుందా, రాదా?”

రాదు. అదే మొదట వచ్చింది లోపలి నుంచి, ఎప్పుడూ మొదట వచ్చేది అదే. రాదు, ఎవరూ వదులుకోరు, ఎవరు వదులుకుంటారు అలాంటి స్కూలు, వదులుకున్నా ఫోను మోగినప్పుడు నేను క్లినిక్కులో ఉంటాను, వినపడదు, వినపడినా అప్పటికి ఇంకెవరికో ఇచ్చేస్తారు. అదంతా కళ్ళ ముందు చివరిదాకా కనిపిస్తోంది. దాని వెనక ఏముందో నాకు ఎప్పుడూ కనిపించదు, చీకటి, అక్కడ అడుగు పెట్టాలంటే నేల ఉందో లేదో తెలీదు.

“వస్తుంది,” అన్నాను.

నా గొంతు అబద్ధం చెప్పేవాళ్ళ గొంతులాగే ఉంది, నాకే నమ్మబుద్ధి కాలేదు, దానికి మాత్రం ఎందుకవుతుంది? అది నా మొహం మీద నుంచి చూపు తీయలేదు, రోగి చెప్పింది నిజమో కాదో డాక్టరు చూసినట్టు చాలాసేపు చూసింది. లిఫ్టు కింద ఆగింది. తలుపులు తెరుచుకుంటే వెలుతురు పడి ఇద్దరం కళ్ళు చిట్లించుకున్నాం. ఫైలు చంకలో పెట్టుకుని నాకంటే ముందు బయటికి నడుస్తూ, అచ్చం నేను అనేటట్టే అంది.

“చూద్దాంలే.”